విదేశ సంగీతయంత్రములు – మన యింటి విద్యుత్తు

ధర్మపురి పేరును సంగీతలోకమున నిలిపినవాడు ధర్మపురి సుబ్బరాయరు. ఆయన రచించిన జావళీలు తెలుగు జావళీలు. కాపీరాగములోని "పరులన్న మాట" నేటికిని కచేరీలలో వినవచ్చుచున్నది. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటివారు ఈ రచనలను నోటినుండి నోటికి అందించుచు కాపాడిరి. ఆమె మనుమరాండ్రైన బృంద, ముక్తలు పాడిన జావళీలు ధ్వనిముద్రణలుగా మనకు దక్కినవి. అయితే పాట దక్కుట ఒక యెత్తు, దానిని వినిపించు యంత్రము దక్కుట ఒక యెత్తు.

మొదటి గ్రామఫోనులకు ఈ చిక్కు లేదు. వాటికి కరెంటే అక్కరలేదు. ప్రక్కనున్న పిడిని త్రిప్పి స్ప్రింగును బిగించిన చాలును. పళ్లెము తిరుగును, సూది పలుకును. అట్టి పెట్టె లండనులో తయారైనను, న్యూయార్కులో తయారైనను, మన పల్లెలో ఒకే విధముగ పాడును. విద్యుత్తుతో నడచు రేడియోలు, రేడియోగ్రాములు, రికార్డు ప్లేయర్లు వచ్చిన పిదపనే ఏ దేశపు యంత్రము ఆ దేశపు కరెంటుకు బందీయైనది.

నేడు ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతముల తెలుగు ఇండ్లలో ఇట్టి యంత్రములు రెండు దారుల వచ్చి చేరుచున్నవి. తాతగారి కాలపు వాల్వు రేడియో అటకమీదినుండి దిగుట ఒక దారి. అమెరికాలో ఉద్యోగము చేయు అన్నగారో, మామగారో అక్కడి పాతసామానుల అంగడిలో ముచ్చటపడి కొనిన రికార్డు ప్లేయరును పెట్టెలో పెట్టుకొని వచ్చుట రెండవ దారి. దాని ప్లగ్గునకు రెండు బల్లపరుపు రేకులుండును. మన గోడసాకెట్టులో గుండ్రని రంధ్రములు. బజారులో ఒక అడాప్టరు కొనితెచ్చి తగిలించిన ప్లగ్గు లోనికి పోవును. ప్రమాదము సరిగా అచ్చటనే ఆరంభమగును. పిన్ను సరిపోవుట వేరు, కరెంటు సరిపోవుట వేరు. అడాప్టరు మార్చునది పిన్ను ఆకారమును మాత్రమే.

ప్లగ్గు పెట్టకముందు మూడు సంగతులు తేల్చుకొనవలయును. యంత్రమునకు ఎన్ని వోల్టులు కావలయును? సెకనుకు ఎన్ని ఆవర్తనముల విద్యుత్తు కావలయును? దాని లోపలి లోహపుచట్రము మెయిన్సు తీగతో కలిసియున్నదా, విడిగా నున్నదా? చాలమంది మొదటి ప్రశ్నతోనే ఆగిపోవుదురు. చెవికి లోపము తెలియజేయునది రెండవ ప్రశ్న. ప్రాణమునకు సంబంధించినది మూడవది.

మొదటిది సులభము. యంత్రము వెనుకనో, అడుగుననో ఒక చిన్న లోహపు పలక యుండును. అమెరికా యంత్రములపై 110, 115, 117, 120 అను అంకెలలో ఏదో యొకటి కనబడును. ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. జపానులో ఇండ్లకు వచ్చునది 100 వోల్టులు. మన దేశమున 230. ఇంగ్లండు యంత్రములకు 200 నుండి 250 వరకు పనిచేయు ఏర్పాటు సాధారణముగ నుండును గనుక అవి మన ఇంట చిక్కు పెట్టవు; వెనుకనున్న వోల్టేజి మీట సరియైన అంకెపై నున్నదో లేదో చూచిన చాలును. జపానువారు విదేశములకు పంపుటకై చేసిన యంత్రములలో పెక్కింటికి ఇట్టి మీట కలదు. ప్లగ్గు పెట్టిన తరువాత కాదు, పెట్టకముందే దానిని త్రిప్పవలయును.

మీట లేని అమెరికా యంత్రమును నేరుగ మన గోడకు తగిలించిన నేమగును? లెక్క వేసి చూతము. 120 వోల్టులపై 60 వాట్టులు తీసికొను వస్తువు నిరోధము 120 × 120 ÷ 60 = 240 ఓములు. అదే నిరోధము 230 వోల్టులపై 230 × 230 ÷ 240 = 220 వాట్టులు తీసికొనును. వోల్టేజి రెట్టింపైన కరెంటును రెట్టింపగును. అందువలన వేడి నాలుగురెట్లకు చేరువగును. అసలు యంత్రము శుద్ధ నిరోధము కాదు గనుక ఈ లెక్క సరిగా అట్లే జరుగదు. దాని పరివర్తకములోని ఇనుము తట్టుకొనలేక ఇంకను ఘోరముగ జరుగవచ్చును. కొన్ని నిమిషములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని సెకనులలో, పొగ వచ్చును.

కావున 230ని 120కి దించు పరివర్తకము, అనగా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు, కావలయును. దాని శక్తిని వోల్టు-ఆంపియర్లలో చెప్పుదురు. అయిదు వాల్వుల రేడియో 30 నుండి 50 వాట్టులు తీసికొనును; పెద్ద రేడియోగ్రాము 100 దాటవచ్చును. పలకపైనున్న అంకెకు రెట్టింపు శక్తిగల పరివర్తకమును కొనుట మేలు. సరిగా సరిపోవునది కొనిన అది రోజంతయు కాగుచునే యుండును. 100 వాట్టుల యంత్రమునకు పరివర్తకము 230 వైపున తీసికొను కరెంటు 0.43 ఆంపియరు, 120 వైపున 0.83 ఆంపియరు. ఇంత చిన్న కరెంటునకు మన ఇంటి స్విచ్చిబోర్డులోని 5 ఆంపియర్ల ఫ్యూజు కాపలా కాయలేదు. అది కరగునప్పటికి లోపలి తీగ కాలిపోయి యుండును. పరివర్తకము మొదటివైపున దానికి తగిన 1 ఆంపియరు ఫ్యూజు ఒకటి విడిగా పెట్టించవలయును.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రయాణికుల కొరకని అరచేతిలో ఇముడు తేలికైన కన్వర్టర్లు అమ్ముచుందురు. వాటిలో ఇనుము లేదు, తీగచుట్ట లేదు. విద్యుత్తరంగమును ముక్కలుగ కోసి సగటును తగ్గించు చిన్న ఉపాయము మాత్రమే యున్నది. ఇస్త్రీపెట్టెకు, జుట్టు ఆరబెట్టు యంత్రమునకు అది చాలును. సంగీతయంత్రమునకు అది పనికిరాదు. పరివర్తకమునకు బరువే మొదటి యోగ్యతాపత్రము.

మన పల్లెలలో మరియొక సంగతి. బావులపై వ్యవసాయపు మోటార్లన్నియు నడుచు వేళ వోల్టేజి పడిపోవును. అవి ఆగిన రాత్రివేళ పైకి లేచును. పరివర్తకము నిష్పత్తిని మాత్రమే కాపాడును గాని వోల్టేజిని కట్టివేయదు. గోడలో 250 ఉన్నప్పుడు 230కి 120 ఇచ్చు పరివర్తకము 130 ఇచ్చును. పాత వాల్వులకు ఇది ఆయుఃక్షీణము. స్టెబిలైజరు ముందు, పరివర్తకము తరువాత, యంత్రము చివర, ఈ వరుసలో పెట్టిన ఈ బాధ తీరును.

ఇక మూడవ ప్రశ్నను రెండవదానికంటె ముందుగ విచారింతము. ఏలయన అది ప్రాణముల మాట.

పరివర్తకములు రెండు తెగలు. మొదటి తెగలో రెండు వేరువేరు తీగచుట్టలుండును. ప్రధానచుట్టలో గోడ కరెంటు ప్రవహించును. గౌణచుట్టలో యంత్రమునకు కావలసిన కరెంటు పుట్టును. రెంటికిని నడుమ తీగసంబంధము లేదు. ఇనుములోని అయస్కాంత అభివాహమే వంతెన. రెండవ తెగ ఆటో పరివర్తకము. దానిలో ఒకే చుట్ట. రెండు కొనలకు 230 వోల్టులు తగిలించి, నడుమ ఒకచోట కొమ్మ తీసి 120 పుచ్చుకొందురు. ఒక కొన రెండువైపులకు ఉమ్మడి. రాగి తక్కువ పట్టును, ధర తక్కువ, బరువు తక్కువ. అంగడిలో అడుగకనే చేతికిచ్చునది తరచుగ ఇదియే.

ఇప్పుడు ఈ ఉమ్మడి కొనకు న్యూట్రలు వచ్చినదనుకొనుడు. యంత్రమునకు పోవు రెండు తీగలలో ఒకటి భూమితో సమానము, రెండవది 120 వోల్టుల యెత్తున ఉండును. మంచిదే. కాని ప్లగ్గు తిరుగబడియో, ఇంటి వైరింగులో తీగలు తారుమారై యుండియో ఆ ఉమ్మడి కొనకు ఫేజు వచ్చినదనుకొనుడు. అప్పుడు ఆ తీగ భూమికి 230 వోల్టుల యెత్తున, రెండవ తీగ 110 వోల్టుల యెత్తున నిలుచును. రెంటి నడుమ తేడా 120 మాత్రమే. మీటరు 120 అని చూపును. యంత్రము హాయిగా పాడును. దానిని తాకినవాని కాళ్లు మాత్రము భూమిపై నున్నవి. వానికి తగులునది 120 కాదు, 230. మేడమీద నిలుచున్న ఇద్దరిలో ఒకడు మరియొకనికంటె జానెడు పొడవు అని తెలిసినంతమాత్రమున వారు నేలకు ఎంత యెత్తున ఉన్నారో తెలియదు గదా. మీటరు చెప్పిన 120 అట్టి జానెడు మాట.

"యంత్రమును తాకినంతమాత్రమున మెయిన్సు తీగను తాకినట్లగునా?" అని అడుగవచ్చును. కొన్ని యంత్రములలో నిజముగ అట్లే అగును. 1930ల నుండి 1960ల వరకు అమెరికాలో లక్షలకొలదిగ అమ్ముడుపోయిన చిన్న అయిదువాల్వుల రేడియోలలోను, చౌక రికార్డు ప్లేయర్లలోను లోపల పరివర్తకమే లేదు. ఖర్చు తగ్గుటయే గాక, ఏకముఖ విద్యుత్తు ఉన్న ఊళ్లలో కూడ అవి పనిచేయుటకు ఈ ఏర్పాటు పనికివచ్చెను. వాల్వుల తంతువులన్నిటిని పందిట్లో సీరియల్ బల్బుల వలె ఒకదాని వెనుక నొకటి కలిపిరి. మూడు వాల్వులకు 12.6 వోల్టుల చొప్పున, ఒకదానికి 50, ఒకదానికి 35, మొత్తము 122.8. అది వారి గోడ వోల్టేజికి ఇంచుమించు సరిపోయెను. తెలివైన పనియే. కాని మెయిన్సులోని ఒక తీగ నేరుగ లోపలి లోహపుచట్రమునకు అంటుకొనియుండును. పైనున్న చెక్కపెట్టె, వెనుకనున్న అట్ట, నాబుల ప్లాస్టిక్కు, ఇవియే మనకును మరణమునకును నడుమ గోడలు. ఒక నాబు ఊడిపోయి లోహపు కడ్డీ బయటపడిన, నాబులోని చిన్న మరయైనను వ్రేలికి తగిలిన, ఆ గోడ కూలినట్లే.

ఇట్టి యంత్రమును వాల్వులపేళ్లను బట్టి గుర్తింపవచ్చును. అమెరికా వాల్వుల పేరు మొదటనున్న అంకె తంతువు వోల్టేజిని తెలుపును. 35డబ్ల్యు4, 50సి5 వంటి పేళ్లున్నచో తంతువుల వరుస ఉన్నదని అర్థము. యూరపు వాల్వులలో "ఇ"తో మొదలగునవి 6.3 వోల్టుల తంతువులు కలవి, "యు"తో మొదలగునవి వరుసలో కలుపబడునవి. కనుక మన 230 వోల్టులకే చేయబడిన యూరపు రేడియోలలోను, యుసిహెచ్, యువై అను పేళ్లుగల వాల్వులున్నచో, అదే జాగ్రత్త అవసరము. విదేశ వోల్టేజి కాదు గదా అని ఏమరరాదు.

ఇట్టివాటికి ఆటో పరివర్తకము నిషిద్ధము. రెండు చుట్టల పరివర్తకమే వాడవలయును. దాని గౌణచుట్టకు భూమితో సంబంధము లేదు గనుక, చట్రమునకు వ్రేలు తగిలినను కరెంటు తిరిగిపోవుటకు దారి లేదు. అయినను రెండు తీగలను ఒకేసారి తాకిన అపాయమే. ఒక పరివర్తకమునకు ఒక యంత్రమునే తగిలింపవలయును. నేటి ఇండ్లలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టుచున్నారు, అది ప్రాణరక్షకమే. కాని రెండు చుట్టల పరివర్తకమునకు ఆవలివైపు జరుగు లోపము దాని కంటికి కనబడదు. బయటి స్పీకరును గాని, మైకును గాని, చేతిఫోనును గాని ఇట్టి రేడియోకు తీగతో కలుపరాదు.

మీ యింటనున్న పరివర్తకము ఏ తెగదో తెలిసికొనుట సులభము. దానిని గోడనుండి పూర్తిగా తీసివేసి, ఉపాధ్యాయుల సమక్షమున మల్టీమీటరును ఓములపై పెట్టి, ఒక మొనను లోనికి వచ్చు ప్లగ్గు పిన్నుకును, రెండవ మొనను బయటకు పోవు సాకెట్టు రేకుకును ఆనించుడు. ఏ జతకును నిరోధము చూపక మీటరు అనంతముననే నిలిచినచో రెండు చుట్టలు. ఏదైన ఒక జతకు ముల్లు కదలినచో ఆటో. ఎర్తు పిన్నును మాత్రము ఈ లెక్కలోనికి తీసికొనరాదు. అది ఎర్తుతో కలిసియే యుండును. బావిమోటార్లకు తీగచుట్టు వైండింగు షాపులు మన ప్రాంతమున తక్కువ కాదు. "డబుల్ వైండింగు కావలయును, ఆటో వద్దు" అని స్పష్టముగ చెప్పి చుట్టించుకొనవచ్చును. నా యభిప్రాయమున పేరు తెలియని దిగుమతి సరకుకంటె అనుభవజ్ఞుడైన వైండరు చుట్టినదే నమ్మదగినది.

లోపల స్వంత పరివర్తకముగల పెద్ద యాంప్లిఫయర్లు, లోహపు పెట్టెల రికార్డు ప్లేయర్లు వేరు జాతి. పాతవానికి రెండు తీగల త్రాడే యుండును. గీరగీరమను శబ్దము తగ్గుటకై మెయిన్సు తీగకును పెట్టెకును నడుమ ఒక కండెన్సరు పెట్టియుందురు. అది పాతబడి లీకైనచో పెట్టె తాకినప్పుడు చేయి జివ్వుమనును. పూర్తిగా చెడినచో జివ్వుమనుటతో ఆగదు. మెకానిక్కుచేత ఆ కండెన్సరును తీయించి, మూడుతీగల త్రాడు వేయించి, మూడవ తీగను పెట్టె లోహమునకు బిగింపించి ఎర్తు చేయవలయును. ఎర్తు అన్నది గోడలోని రంధ్రము కాదు, పెరటిలోని గుంత. ధర్మపురి మెట్టనేల; వేసవిలో ఎర్తుగుంత ఎండిపోవును. అప్పుడప్పుడు దానిలో నీరు పోయించుట కూడ సంగీతసేవయే.

ఇక రెండవ ప్రశ్న. మన ఇంటికి వచ్చునది ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 ఆవర్తనములు చేయును. దీనినే పౌనఃపున్యమందురు. అమెరికాలో అది 60. ఈ అంకెలు ప్రకృతి నియమములు కావు, ఆయా కాలమున ఆయా ఊరు కొనిన యంత్రములను బట్టి స్థిరపడినవి. 1890లలో టోక్యో జర్మనీనుండి 50 ఆవర్తనముల యంత్రములను, ఒసాకా అమెరికానుండి 60 ఆవర్తనముల యంత్రములను తెప్పించెను; నేటికిని జపాను తూర్పున 50, పడమట 60. అంత దూరము పోనేల? మన హొగేనకల్‌కు ఎగువన, ఇదే కావేరిపై, శివసముద్రమువద్ద 1902లో విద్యుత్తు పుట్టించి 92 మైళ్లు నడిపి కోలారు బంగారుగనులకు చేర్చిరి. అది సెకనుకు 25 ఆవర్తనములది. నేడు దేశమంతటను 50.

పరివర్తకము వోల్టేజిని మార్చును గాని పౌనఃపున్యమును మార్చలేదు. 60 లోనికి పోయిన 60 బయటకు వచ్చును, 50 పోయిన 50 వచ్చును. రేడియో పాటకు దీనితో పనిలేదు. రికార్డు ప్లేయరులోని పాత మోటారుకు మాత్రము ఇదియే తాళము. ఆ మోటారు విద్యుత్తుయొక్క ఆవర్తనములను లెక్కించుకొనుచు తిరుగును. 60కి చేసినది 50పై ఆరింట అయిదువంతుల వేగముతోనే తిరుగును. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసిన పళ్లెము 27.8 తిరుగును, 78 తిరుగవలసినది 65 తిరుగును. మూడు నిమిషముల పాట మూడు నిమిషముల ముప్పదియారు సెకనులు పట్టును.

శ్రుతి సంగతి మరియు విచిత్రము. ఆరుకు అయిదు అను నిష్పత్తి సంగీతము నేర్చినవారికి క్రొత్త కాదు: షడ్జమునుండి సాధారణ గాంధారమునకుగల దూరము 6/5. అనగా పాట సరిగా ఒక సాధారణ గాంధారమంత క్రిందికి దిగును. అయిదు శ్రుతిలో పాడిన గాయని మూడు శ్రుతిలో పాడినట్లు వినబడును. స్త్రీకంఠము బరువెక్కి పురుషకంఠపు ఛాయ తాల్చును; మృదంగము మందమగును. అయినను రాగము చెడదు. స్వరములన్నియు ఒకే నిష్పత్తిలో దిగుటచే వాటి నడుమ దూరములు మారవు. కాపీ కాపీగానే యుండును. అందువలననే కొందరు ఏండ్లకొలది తప్పువేగమున విని, అదియే ఆ గాయని కంఠమని నమ్ముదురు. శ్రుతిపెట్టెతో సరిచూచిన గాని, గడియారము పట్టుకొని కాలము లెక్కించిన గాని గుట్టు బయటపడదు. చికాగోలో 1935లో వెలువడిన హామండ్ ఆర్గను కథయు ఇట్టిదే. దానిలో స్వరములు పుట్టించు చక్రములన్నియు మెయిన్సు ఆవర్తనములతో కలిసి తిరుగును. 60కి చేసినదానిని 50పై నడిపిన, ఏ మెట్టు నొక్కినను స్వరము మూడు స్థానములు దిగి పలుకును.

పౌనఃపున్యము తగ్గుటవలన వేడి కూడ పెరుగును. 60 వద్ద అర్ధావర్తనము సెకనులో 120వ వంతు. 50 వద్ద 100వ వంతు. వోల్టేజి ఒక్కవైపుగ త్రోయు కాలము హెచ్చుటచే యంత్రములోని పరివర్తకపు ఇనుములో అభివాహము నూటికి ఇరువది హెచ్చును. పలకపై "50–60" అని యున్నచో చింతలేదు. ఉత్త 60 అని యున్నచో జాగ్రత్త. వోల్టేజిని 120 నుండి 100కి దించిన అభివాహము సరిపడును; కాని అప్పుడు 6.3 వోల్టులు కోరు తంతువునకు 5.25 మాత్రమే అందును, పాట నీరసించును. పరివర్తకమును చుట్టించునప్పుడే 100, 110, 120 వద్ద మూడు కొమ్మలు తీయించి, 110పై గంటసేపు నడిపి, వేడి చూచి నిర్ణయించుట నాకు నచ్చిన మధ్యమార్గము.

వేగమును సరిచేయు ఉపాయములు మూడు. మోటారు కడ్డీపైనున్న చిన్న పుల్లీని మార్చుట మొదటిది: 60కి 10 మిల్లీమీటర్ల వ్యాసమున్నచో 50కి 12 ఉండవలయును. ఇంగ్లండు గారార్డ్ కంపెనీ 1954లో తెచ్చిన 301 వంటి యంత్రములకు 50కి ఒక పుల్లీ, 60కి ఒక పుల్లీ వేరుగ దొరకుచుండెను. పుల్లీ దొరకనిచో మంచి లేతు పనివాడు ఇత్తడితో తీయగలడు. 120 వోల్టులు, 60 ఆవర్తనములు ఇచ్చు శుద్ధ సైనుతరంగపు ఇన్వర్టరు రెండవది. ఇది వోల్టేజి చిక్కును, వేగపు చిక్కును కలిపి తీర్చును గాని ఖరీదు హెచ్చు. తిరుగుటకు మెయిన్సు ఆవర్తనములపై ఆధారపడని ప్లేయరును ఎన్నుకొనుట మూడవది. 1970 తరువాత వచ్చిన డైరెక్టు డ్రైవు యంత్రములు అట్టివే. వాటికి వోల్టేజి సరిచూచిన చాలును.

ఏండ్లకొలది అటకపై పడియున్న వాల్వు యంత్రమును వోల్టేజి సరిపోయినది గదా అని ఒక్కసారిగ వెలిగించుట తగదు. లోపలి కండెన్సర్లు ఎండియో, తేమపట్టియో యుండును. మన రేడియో మెకానిక్కులు వాడు సీరీస్ బల్బే దీనికి మందు. పరివర్తకము 230 వైపున, వరుసలో, 60 వాట్టుల తంతుబల్బు నొకదానిని కలుపవలయును. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. స్విచ్చి వేయగనే బల్బు ఒక్కసారి వెలిగి మందగించినచో శుభము. ప్రకాశముగ వెలుగుచునే యున్నచో లోపల షార్టు కలదు, వెంటనే ఆపవలయును. ఈ పని పెద్దలది, మెకానిక్కుది. వెనుక అట్టను విద్యార్థులు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ కండెన్సర్లలో 300, 400 వోల్టుల ఏకముఖ విద్యుత్తు నిలువయుండును.

విద్యార్థులు తమ చేతితో చేయదగిన పని యొకటి కలదు; అది వేగమును కొలుచు కాగితపు చక్రము. గుండ్రని తెల్లని అట్టపై కోణమానినితో అంచునకు దగ్గరగ 180 నల్లగీతలు సమదూరమున గీయుడు. రెండేసి అంశలకు ఒక గీత. నడుమ రంధ్రము చేసి పళ్లెముపై పెట్టి తిప్పుడు. మన విద్యుత్తుపై వెలుగు పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమనును, నిమిషమునకు 6,000. పళ్లెము సరిగా 33⅓ తిరిగినచో ఆ మినుకునకు ఒక గీత ముందుకు జరిగి, గీతలన్నియు నిలిచిపోయినట్లు కనబడును. గీతలు వెనుకకు ప్రాకినచో వేగము తక్కువ, ముందుకు ప్రాకినచో ఎక్కువ. ఎల్.ఇ.డి. దీపములలో పెక్కు ఇట్లు మినుకుమనవు గనుక వాటి క్రింద ఈ ప్రయోగము ఫలింపదు. అమెరికాలో ఇదే చక్రమునకు 216 గీతలు కావలయును. 78 వేగమునకు మనకు 77 గీతలు, వారికి 92. 6,000ను 77చే, 7,200ను 92చే భాగించి చూడుడు: మనకు 77.92, వారికి 78.26 వచ్చును. "78" అని మనము పిలుచు రికార్డుల వేగము రెండు ఖండములలో వెంట్రుకవాసి వేరుగ నిర్ణయింపబడుటకు కారణము ఈ భాగహారమే.